సార్ లోపలే ఉన్నారు, లేరని చెప్పమన్నారు. నేనేం చెప్పాలి?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. బీకామ్ తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి, రాజ్ విహార్ సెంటర్ దగ్గర ఒక ప్రైవేటు ఆఫీసులో అసిస్టెంటుగా చేరి ఐదు వారాలైంది. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, లెటర్లు టైపు చేయడం, సార్ అపాయింట్‌మెంట్లు చూడడం నా పని. నాకంటే ముందున్న అక్క పెళ్లయి వెళ్లిపోయింది. ఏదీ చెప్పి పోలేదు. సొరుగులో ఒక స్టాప్లర్, ఎండిపోయిన స్టాంప్ ప్యాడ్ మాత్రం ఉన్నాయి.

రెండు సంగతులు జరిగాయి. సరుకు సప్లై చేసే ఒకాయన ఫోన్ చేసి సార్ ఉన్నారా అన్నాడు. ఉన్నదున్నట్టు "సార్ హైదరాబాద్ పోయినారు, గురువారం వస్తారు" అని చెప్పేశాను. సార్ ఏమో తనకు జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నానని ఆయనతో చెప్పి ఉన్నారంట. సాయంత్రం ఫోన్లో నాకు బాగా అక్షింతలు పడ్డాయి.

రెండోది ఇంకా ఘోరం. మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, తెల్ల పంచె, ప్లాస్టిక్ కవర్లో బిల్లులు. సార్ ఇంటర్‌కమ్‌లో "లేనని చెప్పు" అన్నారు. చెప్పాను. ఆయన "పర్వాలేదమ్మా, ఎండ తగ్గేదాకా కూర్చుంటా" అని ఫ్యాన్ కింద కూర్చున్నాడు. పావుగంటకు కేబిన్‌లోంచి సార్ గట్టిగా తుమ్మారు. రెండుసార్లు. పెద్దాయన ఏమీ అనలేదు. కవరు మడిచి చంకలో పెట్టుకుని, పోతా పోతా "చిన్నపిల్లవి, నీతో కూడా చెప్పిస్తున్నాడా తల్లీ" అని పోయాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నిజం చెబితే తిట్లు, అబద్ధం చెబితే ఇట్లా. మీరంతా ఏం చేస్తారు?

ఏడురోడ్ల కాడ (కడప)

రెండు తుమ్ములు కదా, శుభమే. ఒక్కటైతే ఆలోచించాలి.

జీతమిచ్చేవాడు లేనన్నాడంటే లేనట్టే చెల్లీ. ప్రతి ఆఫీసులో జరిగేదే. టెన్షన్ పడొద్దు, నెలరోజులైతే అలవాటైపోతుంది.

గడియారస్తంభం (అనంతపురం)

అలవాటు కావడమే ప్రమాదం అన్నా. నేను పదకొండేళ్లుగా పీఏ పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లు నేనూ "లేరు" అనే చెప్పాను. దాంతో నష్టం ఎక్కడో తెలుసా? మన సార్ నిజంగా లేనిరోజు కూడా ఎవరూ నమ్మరు. "ఉన్నాడులే, నువ్వు అట్లనే చెప్తావు" అని గంటసేపు కదలరు.

హంద్రీ, నువ్వు రెండుసార్లూ ఒకే తప్పు చేశావు, తిట్టుకోకుండా విను. ఒకసారి ఉన్నదంతా చెప్పావు, ఇంకోసారి లేనిది చెప్పావు. రెండింట్లోనూ "సార్ ఎక్కడున్నారు" అనే ప్రశ్నకు జవాబిచ్చావు. ఆ ప్రశ్నకు జవాబివ్వడం మన పని కాదు. ఫోన్ చేసినవాడికి నిజంగా కావలసింది సార్ ఉన్న చోటు కాదు, తన పని. కాబట్టి నేను అనే మాట ఇది: "సార్‌తో ఇప్పుడు మాట్లాడడానికి వీలు కాదండీ. విషయం చెప్పండి, రాసుకుని సార్ ముందు పెడతాను." ఇందులో అబద్ధం లేదు, ఊరి పేరు లేదు, జ్వరం లేదు. "ఇంతకీ ఉన్నాడా లేడా?" అని రెట్టిస్తే మళ్లీ అదే మాట, అదే గొంతుతో. మూడోసారికి వాళ్లే విషయంలోకి వస్తారు.

తర్వాత రాసుకోవడం. చీటీ మీద కాదు. చీటీలు ఫ్యాన్ గాలికి పోతాయి, లేదంటే టీ గ్లాసు కిందికి చేరతాయి. కుట్టిన నోట్‌బుక్ ఒకటి పెట్టుకో. తేదీ, టైము, పేరు, ఊరు, నంబరు, పని, ఎప్పటిలోగా జవాబు కావాలి, మళ్లీ ఎప్పుడు చేయమన్నాం. నంబరు రాసుకున్నాక ఒక్కొక్క అంకె తిరిగి చదివి వినిపించు. మన లైన్లో ఫైవ్, నైన్ ఒకేలా వినిపిస్తాయి. కొందరు పెద్దవాళ్లు తెలుగులో "అరవై తొమ్మిది, డెబ్బై ఆరు" అని జంటలుగా చెప్తారు, మనం కంగారులో 69ని 79 అని రాస్తాం. ఒకసారి ఇట్లాగే ఒక పేషంట్ వాళ్లకు పోవలసిన కబురు గుంతకల్లులో ఎవరో టైలర్‌కు పోయింది. పాపం ఆయన రెండు రోజులు నాకే ఫోన్ చేసి "అమ్మా, రిపోర్టు నాది కాదు" అన్నాడు.

ఇంకొకటి. పెద్దాయనకు మంచినీళ్లు ఇచ్చావా? కర్నూలు ఎండలో వచ్చినవాళ్లకు ముందు నీళ్లు, ఆ తర్వాతే మాట.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

ఇవ్వలేదక్కా. భయంలో గుర్తే రాలేదు.

పాత సెక్షన్ (కర్నూలు)

నేను ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ని. అనంతపురం అమ్మాయి చెప్పిన నోట్‌బుక్‌కు మా దగ్గర పెద్ద వంశవృక్షమే ఉంది. మద్రాసు రాష్ట్రం కాలంనుంచి వచ్చిన టాటెన్‌హామ్ పద్ధతి. తపాలు రాగానే తేదీ ముద్ర, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్లో ఎక్కించి కరెంట్ నంబర్ (ఆ కాగితానికిచ్చే వరస నంబర్), ఆ కాగితం ఏ క్లర్కుకు పోతే ఆ క్లర్కు తన పర్సనల్ రిజిస్టర్లో రాసుకోవాలి. ఎవరికి పంపాం, ఎప్పుడు తిరిగొచ్చింది, అంతా ఆ వరసలో ఉంటుంది. పని ముగిశాక కాగితానికి ఆయుష్షు కూడా రాస్తాం. ఎల్.డిస్ అంటే ఏడాది, డి.డిస్ అంటే పదేళ్లు, ఆర్.డిస్ అంటే శాశ్వతం. కొత్తలో నాకిది చాదస్తం అనిపించేది. ఒక్క ఉత్తరాన్ని ఇన్నిచోట్ల రాయడం ఏమిటని సణుక్కునేవాణ్ని.

2009 అక్టోబర్ 2 తర్వాత మళ్లీ సణగలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మా ఆఫీసులో నీళ్లు కిటికీ దాటాయి. నాలుగు రోజుల తర్వాత తలుపు తోస్తే తెరుచుకోలేదు, లోపల బురద. ఫైళ్లు ఉబ్బి ఇటుకల్లా అయినాయి. ట్యాగు విప్పితే కాగితాలు పేస్టు మాదిరి ఒకదానికొకటి అంటుకుని వచ్చేవి. ఆరుబయట తాళ్లు కట్టి, బట్టలారేసినట్టు ఆరేశాము. సిరా రాతలు చాలావరకు కొట్టుకుపోయాయి, బాల్‌పెన్ రాతలు కొన్ని మిగిలాయి. అయితే మా తపాలు చూసే ఆవిడకు ఒక అలవాటు ఉండేది. సాయంత్రం ఇంటికి పోయేముందు రిజిస్టర్లు బీరువా పైన పెట్టి పోయేది, కింద ఎలుకలు కొడతాయని. ఎలుకల భయం వరదలో పనికొచ్చింది. రిజిస్టర్ ఉంది కాబట్టి ఏ కాగితం పోయిందో, ఎవరిదో తెలిసింది. జనం వస్తే "మీ అర్జీ ఫలానా తేదీన వచ్చింది, మళ్లీ ఒక నకలు ఇవ్వండి" అని చెప్పగలిగాము. పక్క సెక్షన్లో రిజిస్టరూ పోయింది. వాళ్లు "మాకు మీ అర్జీ రాలేదు" అన్నారు. అబద్ధం చెప్పాలని కాదు, వచ్చిందని చెప్పడానికి ఆధారం లేక.

1953లో ఆంధ్ర రాష్ట్రానికి ఇక్కడ రాజధాని పెట్టినప్పుడు ఆఫీసులు డేరాల్లో నడిచాయని మా సీనియర్లు చెప్పేవారు. డేరాలో కూడా తపాలు రిజిస్టర్ ఉండే ఉంటుంది లెండి.

పాపా, నువ్వు చేయవలసింది చిన్నదే. ఎండిన స్టాంప్ ప్యాడ్‌కు రేపు సిరా పోయించు. ఏ కాగితం వచ్చినా ముందు తేదీ ముద్ర పడాలి, తర్వాతే చదవడం.

పెన్నా గాలి (అనంతపురం జిల్లా)

ముద్ర గురించి పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు. నేను ఒక మండల ఆఫీసులో ఆర్టీఐ (సమాచార హక్కు) కాగితాలు చూస్తాను. 2005 చట్టం ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు పోవాలి. మనది కాని దరఖాస్తు అయితే 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకు బదిలీ చేయాలి. ఈ లెక్కంతా అందిన తేదీ మీదే. ఒకసారి మా అటెండర్ తపాలా కట్ట తెచ్చి కుర్చీ మీద పెట్టాడు, దానిమీద నేను క్యారియర్ బ్యాగు పెట్టాను. వారం పోయింది. పని మొదలుకాకుండానే 5 రోజుల గడువు దాటిపోయింది. ఆఫీసర్‌తో పాటు నేనూ సంజాయిషీ రాసుకున్నాను. అప్పట్నుంచి నా క్యారియర్ కిటికీలోనే.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ థాంక్స్. ఇంకో డౌటు. సార్ నోటిమాటగా చెప్తారు, తర్వాత "నేనెప్పుడు చెప్పినా?" అంటారు. నిన్న డోన్ పార్టీకి కొటేషన్ 4 శాతం తగ్గించి పంపమన్నారు, పంపాను. ఇవాళ అకౌంట్స్ సార్ ముందు "ఎవరు తగ్గించమన్నారు?" అని నన్నే అడిగారు. ఎదురు చెప్పలేక నిలబడిపోయాను.

గడియారస్తంభం (అనంతపురం)

నలుగురి ముందు ఎదురు చెప్పకపోవడం మంచిదే. కానీ అట్లాగే వదిలేయకు. నోటిమాట వినగానే రెండు నిమిషాల్లో సార్‌కు ఒక మెసేజ్: "సార్, మీరు చెప్పిన ప్రకారం డోన్ కొటేషన్ 4 శాతం తగ్గించి 3 గంటలకు పంపుతున్నాను." ప్రశ్న అడగొద్దు, జరగబోయేది చెప్పు. తప్పయితే ఆయనే ఆపుతాడు. ఆపకపోతే అది ఫోన్లో ఉంటుంది. సాక్ష్యం పుట్టిస్తున్నట్టు కాకుండా, పని గుర్తు చేస్తున్నట్టు ఉండాలి మాట.

పాత సెక్షన్ (కర్నూలు)

మేము నోట్‌ఫైల్లో "చర్చించిన ప్రకారం" అని ఒక్క వాక్యం రాసి సంతకానికి పెట్టేవాళ్లం. ఆ ఒక్క వాక్యం చూసి మొహం చిట్లించిన ఆఫీసర్లు ఉన్నారు. చిట్లించి సంతకం పెట్టినవాళ్లూ ఉన్నారు, "దీన్ని అట్ల పెట్టు, మళ్లీ చూద్దాం" అన్నవాళ్లూ ఉన్నారు. ఈ రెండోవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

ఏడురోడ్ల కాడ (కడప)

పన్నెండు వేల జీతానికి ఇన్ని రిజిస్టర్లా సామీ? చెల్లెలికి సలహా కావాలా, కలెక్టరేట్ కావాలా?

పెన్నా గాలి (అనంతపురం జిల్లా)

పన్నెండు వేలకే అన్నా ఈ గొడవ. లక్ష జీతమోడు తప్పు చేస్తే మీటింగు పెడతారు, పన్నెండు వేలోడు చేస్తే మానిపిస్తారు.

ఏడురోడ్ల కాడ (కడప)

అదీ నిజమే. సరే, నా వంతు ఒకటి చెప్తా, నవ్వుకోండి. మా దగ్గర తెలుగు లెటర్లన్నీ అను ఫాంట్‌లో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్) కొట్టేవాళ్లం, నేను డీటీపీ సెంటర్లో నేర్చుకున్నది అదే. విజయవాడకు ఒక లెటర్ వర్డ్ ఫైలుగానే మెయిల్ చేశాను. అవతల వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేదు. వాళ్లకు కనిపించింది ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. "మీ ఆఫీసుకు వైరస్ వచ్చినట్టుంది" అని ఫోన్ చేశారు. రెండు రోజులు మేమూ వైరస్ అనే అనుకుని ఇంజినీర్ని పిలిపించాము. ఆయన చూసి నవ్వి 500 తీసుకుని పోయినాడు. అప్పట్నుంచి మెయిల్లో పోయేదంతా, ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో, గౌతమి ఫాంట్‌లో కొడతా. ప్రింటుకు పోయే పాంప్లెట్ అయితే అను, అదీ పీడీఎఫ్ చేసి.

జీమెయిల్లో పంపిన మెయిల్ వెనక్కి లాగే టైము మామూలుగా 5 సెకండ్లే ఉంటుంది, సెట్టింగుల్లో 30 చేసుకోండి. అటాచ్‌మెంట్ మర్చిపోయామని గుర్తొచ్చేది సరిగ్గా ఏడో సెకండుకే.

గండికోట గాలిపటం (కడప జిల్లా)

చాలాకాలంగా చదవడమే, రాయడం ఇదే మొదలు. నా సమస్య వేరే. ఆఫీసులో మేము ఇద్దరం అసిస్టెంట్లం, నేనూ ఇంకో అబ్బాయీ. ఒకే జీతం. గెస్టులొస్తే సార్ చూపు నావైపే, "అమ్మా, టీ". అటెండర్ అన్న ఉన్నా సరే. టీ ఇవ్వడం నామోషీ అని కాదు. మా ఇంట్లో ఎవరొచ్చినా ఉత్త చేతులతో పంపము. కానీ మీటింగులో మినిట్స్ (ఎవరేమన్నారో) రాసుకుంటున్నప్పుడు లేచి పోతే రెండు పాయింట్లు మిస్సవుతాయి, తర్వాత ఆ తప్పు నాదే అవుతుంది.

ఏడురోడ్ల కాడ (కడప)

టీ ఇస్తే ఏం పోతుంది?

గండికోట గాలిపటం (కడప జిల్లా)

ఏం పోదు. అందుకే ఆ అబ్బాయిని ఇమ్మనండి.

గడియారస్తంభం (అనంతపురం)

శభాష్.

నేను చేసింది చెప్తాను. మీటింగుకు అరగంట ముందే అటెండర్‌కు చెప్పి పెట్టేదాన్ని: ఎంతమంది, ఎవరికి చక్కెర లేకుండా, ఎన్ని గంటలకు. అడగకముందే ట్రే వచ్చేస్తే నావైపు చూసే అవసరమే రాదు. గొడవ లేకుండా ఆరు నెలల్లో ఆ చూపు మాయమైంది. అయినా మాయం కాకపోతే ఒకరోజు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు: "సార్, నేను లేస్తే మినిట్స్ ఆగిపోతాయి." మీటింగు గురించే మాట్లాడు, ఆడా మగా అనకుండా. అంతకంటే ఎక్కువ అవసరమైతే అప్పుడు చూద్దాం.

అంతకంటే ఎక్కువ అంటే, చూపులు, మాటలు హద్దు దాటితే అది మర్యాద సమస్య కాదు. పనిచేసేచోట ఆడవాళ్లమీద లైంగిక వేధింపులు ఆపడానికి 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పదిమంది కంటే తక్కువైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ ఒక్క విషయంలో "సర్దుకుపో" అనేవాళ్ల మాట వినొద్దు.

గండికోట గాలిపటం (కడప జిల్లా)

అంత దూరం లేదక్కా, సార్ మంచోడే. అరగంట ముందు చెప్పే పద్ధతి సోమవారంనుంచి మొదలుపెడతా.

పెన్నా గాలి (అనంతపురం జిల్లా)

ఆధార్ జిరాక్సుల గురించి ఎవరూ చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్ల ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం ఫోటోలు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నారు, "సార్ చూసుకుంటారు" అని. సార్‌తో పాటు డ్రైవరూ, పోయిన ఏడాది మానేసినవాడూ చూసుకుంటున్నారు. కావలసినవాళ్లకు విడిగా పంపండి. నంబరంతా అవసరం లేనిచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. పాడైన జిరాక్సులు బజ్జీల బండికి పోకూడదు. తమాషాకు అనడం లేదు, మా ఊళ్లో ఉగ్గాని తింటూ పొట్లం విప్పితే ఎవరిదో జీతం స్లిప్పు. ఆయన జీతం నాకంటే ఎక్కువ, అది వేరే బాధ.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అపాయింట్‌మెంట్ల గురించి కూడా ఎవరైనా చెప్పండి. సార్ రాహుకాలం చూస్తారు. శుక్రవారం 11కు బ్యాంకువాళ్లను పిలిస్తే "పదిన్నరనుంచి పన్నెండు వరకు రాహుకాలం, నీకు తెలీదా?" అన్నారు. నాకు నిజంగా తెలీదు.

పాత సెక్షన్ (కర్నూలు)

గోడకు ఉన్న తెలుగు క్యాలెండర్ చూడు, ఏ వారానికి ఆ వారం రాసే ఉంటుంది. సోమవారం ఏడున్నరనుంచి తొమ్మిది, మంగళవారం మూడునుంచి నాలుగున్నర, గురువారం ఒకటిన్నరనుంచి మూడు. నమ్మకం నీకు ఉండాలని లేదు, సంతకం పెట్టేది ఆయన. నీ ఫోన్ క్యాలెండర్‌లో ఆ గంటన్నర ముందే మూసేసి పెట్టుకో. ఆ టైములో ఫైళ్లు సర్దుకోవచ్చు. నా సర్వీసులో నేను ప్రశాంతంగా పనిచేసుకున్న గంటలు అవే.

గడియారస్తంభం (అనంతపురం)

ఫైళ్లు అంటే గుర్తొచ్చింది. కంప్యూటర్లో "ఫైనల్", "ఫైనల్ 2", "లాస్ట్ ఫైనల్ సార్ చెప్పింది" అని పేర్లు పెట్టకు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆపైన విషయం. వాటంతటవే వరసలో నిలబడతాయి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

పద్దెనిమిది రోజుల తర్వాత వస్తున్నాను, ఏమైందో చెప్పాలని.

స్టాంప్ ప్యాడ్‌లో సిరా పోయించాను. నోట్‌బుక్ పెట్టాను. పెద్దాయన మళ్లీ వచ్చాడు. నన్ను చూడగానే "లేడు కదా" అని తనే అన్నాడు. నేను ముందు నీళ్లిచ్చాను. "సార్‌ను ఇప్పుడు కలవడానికి వీలు కాదు తాతా, మీ బిల్లు సంగతి రాసుకుంటాను" అన్నాను. ఆయన కవరులోంచి ఒక్కొక్క బిల్లు తీసి తేదీ చెబుతుంటే రాశాను. ఏడు బిల్లులు. మొదటిది పోయిన ఉగాది నాటిది. రాసినదంతా చదివి వినిపించమన్నాడు, వినిపించాను. "ఇంతకుముందు ఎవరూ రాసుకోలేదు" అన్నాడు. ఎన్నిసార్లు వచ్చారని అడిగితే, వాచ్‌మన్ అన్న పక్కనుంచి "ఆరుసార్లు" అన్నాడు. అదీ రాశాను.

సాయంత్రం మామూలుగా నోట్‌బుక్ సార్ ముందు పెట్టాను. ఆ పేజీ దగ్గర ఆగారు. "ఇవన్నీ రాయమని నీకెవరు చెప్పినారు?" అన్నారు. నాకు చెమట పట్టింది. "రాసుకోకపోతే మర్చిపోతా సార్" అన్నాను. ఏమీ అనలేదు. మర్నాడు అకౌంట్స్ సార్‌ను పిలిచి ఏడింట్లో మూడు బిల్లులకు చెక్కు రాయించారు. మిగతా నాలుగు సంగతి తెలీదు. మంచి జరిగిందని కూడా అనలేను. ఇంకో పార్టీవాళ్లకు నిన్న కూడా "లేనని చెప్పు" అన్నారు. నేను "వీలు కాదు అని చెప్తాను సార్" అన్నాను. ఒక నిమిషం చూసి "ఏదో ఒకటి చెప్పు" అన్నారు.

ఏడురోడ్ల కాడ (కడప)

ఏదో ఒకటి చెప్పు అన్నాడంటే గెలిచినట్టే చెల్లీ. నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నా. 30 సెకండ్లు దాటిపోయింది కానీ.

పాత సెక్షన్ (కర్నూలు)

పాపా, నోట్‌బుక్ పేజీలకు నంబర్లు వేశావా? పేజీ చింపితే తెలియాలి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

వేయలేదు సార్. ఇప్పుడే వేస్తున్నా. 23 దగ్గరున్నా.